గుల్లగా మోగిన గోడ

రెండువేల ఎనిమిది ఎండాకాలం. పొద్దున్నే చాయ్ తాగి, లింగమూర్తి కర్ర పట్టుకుని కొత్త ఇంటికి బయలుదేరాడు. వెనకే భార్య కనకవ్వ. బొగ్గు గనిలో రిటైరయ్యాడు కాబట్టి కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. అందుకే గోదావరిఖని శివారులో కనకవ్వ తమ్ముడు ఉపేందర్ కట్టి అమ్ముతున్న ఇళ్లలో ఒకటి కొన్నారు. ఎల్లుండే గృహప్రవేశం.

"సొంత అక్క దగ్గర గూడ లాభం తీసుకున్నడని మన క్వార్టర్ల సారవ్వ అంటున్నది," దారిలో గొణిగింది కనకవ్వ. "ఇగ సిమెంటుల ఎంత మింగిండో."

"గందుకే కట్టె తెచ్చిన."

గనిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిదో కాదో చెప్పడమే అతని పనిగా ఉండేది. ఇప్పుడు గోడలన్నీ తడుతూ పోయాడు. గుమ్మంలో ఉపేందర్ నవ్వాడు.

"బావా, ఇది బొగ్గు బాయి కాదు. మీద కూలదు."

"కూలినంక చెప్పేటందుకు ఎవడుంటడు?"

వెనక గదిలో గోడ గుల్లగా మోగింది. కనకవ్వ ముఖం మాడిపోయింది.

"ఏంది తమ్మీ గిది? మా పైసలు ఎటు వోయినయ్?"

ఉపేందర్ సుత్తి తెచ్చి తానే కొట్టాడు. ప్లాస్టరు పెచ్చులుగా రాలింది. లోపలి ఇటుక గోడ మాత్రం గట్టిగానే ఉంది.

"ఇటుక తడపకుండ ప్లాస్టరు పూసిండ్రు, గోడకు పట్టలే. నేను సూసుకోలె, తప్పు నాదే. నా ఖర్సుతోని మళ్ల పూయిస్త."

"లాభం సంగతి?" అన్నాడు లింగమూర్తి.

"తీసుకున్న. పక్కింటోళ్ల కాడ ఎంతనో మీ కాడ గంతే. లాభం లేకుండ ఊకెనే కట్టిస్తే ఈ గోడకు నన్ను అడిగెటోళ్లా? మొగమాటపడి నోరు మూసుకుందురు. అమ్ముడుపోని రెండిండ్లకు తెచ్చిన అప్పుకు మిత్తి నేనే కడుతున్న. బావా, ఆదివారం డ్యూటీకి డబల్ పైసలు తీసుకున్నవ్. నిన్నెవలన్న దొంగ అన్నరా?"

లింగమూర్తి కర్ర కిందికి దించాడు.

"ఎల్లుండి పుట్టింటి చీర ఎవరితోనన్న పంపిస్త అక్కా. నేను రాను."

కనకవ్వ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఎంత తిన్నాడని వాడలో అందరినీ అడిగింది. అతన్ని మాత్రం ఇవాళటి దాకా ఒక్కసారీ అడగలేదు.

"అమ్మ పోయినంక నాకు పుట్టిల్లంటే నువ్వే గదరా," కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు తేని చీర నేను కట్ట. నువ్వు రాని ఇంట్ల అడుగు పెట్ట."

ఉపేందర్ ముఖం పక్కకు తిప్పుకుని తలూపాడు.

లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీని పిలువు. ఈసారి ఇటుకలు నేనే తడుపుత."