మూడోసారి తెచ్చిన దీపం

"ల్యాంపుకేం కాలే. మీకే ఏదో అయింది," అంది అఖిల.

నాగేందర్ ముఖం ఎర్రబడింది. తాకితే వెలిగే ఆ దీపాన్ని అతను మిర్యాలగూడలోని అఖిల వాళ్ళింటికి తేవడం ఇది మూడోసారి. పాలిటెక్నిక్ చదివిన అఖిల ముందుగదిలో బల్ల వేసుకుని ఇలాంటివి బాగుచేస్తుంది. మొదటిసారి లోపల సర్క్యూట్ కాలిపోయి ఉంటే కొత్తది వేసింది. అప్పటి నుంచి ఇక్కడ వేలు ఆనిస్తే చాలు, వెలుగుతోంది. కోదాడలో నాగేందర్ వాళ్ళింట్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదట.

"మా అమ్మకు చికున్‌గున్యా వచ్చినప్పటి నుంచి వేళ్ళు వంగవండి. స్విచ్ నొక్కలేదు. అందుకే ఈ ల్యాంపు..."

"కోదాడల రిపేరు చేసేటోళ్ళే లేరా? రోజూ ఈడ మిల్లు డ్యూటీకి వచ్చుకుంట, నా మొకం సూసేటందుకు మంచి ల్యాంపును పట్టుకొస్తున్నరా?"

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "తప్పయిందండి," అని దీపం బల్ల మీదే వదిలేసి, వానలో తడుస్తూ బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి అఖిలకు కాలు ఒకచోట నిలవలేదు. గేటు చప్పుడైతే తల తిప్పేది. సోల్డరింగ్ చేస్తూ రెండుసార్లు వేలు కాల్చుకుంది. దీపాన్ని తాకేది, వెలిగేది. మళ్ళీ తాకేది, ఆరేది. ఎనిమిది రోజులు ఇదే పని.

"గెలుకుడు బంద్ చేసి ఫోన్ చెయ్యరాదే?" అంది తల్లి ప్రమీల.

"నేనెందుకు చెయ్యాలె? ల్యాంపు ఆయనది."

తొమ్మిదో రోజు ఆదివారం. గది ఊడుస్తూ ప్రమీల ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టింది. అఖిల వేలు ఆనించింది. వెలగలేదు. అరచెయ్యి మొత్తం ఆనించింది. ఊహూ. గబగబా ప్లగ్గు పీకి, రెండు పిన్నులూ తారుమారయ్యేలా తిప్పి పెట్టింది.

వెలిగింది!

తను వేసిన కొత్త సర్క్యూట్‌తోనే వచ్చింది తంటా. ప్లగ్గు ఒక వైపుగా పెడితేనే అది పనిచేస్తోంది. ఇక్కడ ప్రతిసారీ అటే పడింది, కోదాడలో తిరగబడింది. అతను అబద్ధం చెప్పలేదు. వాళ్ళమ్మ వేళ్ళ సంగతి చెబుతుంటే తను ఎంత మాట అనేసింది!

"అమ్మా, కోదాడ పోయొస్త."

దీపమూ, రిపేరు చీటీ మీది అడ్రసూ పట్టుకుని వెళితే నాగేందర్ తల్లి సుందరమ్మ తలుపు తీసింది. వెనకే భుజాన తుండుతో వచ్చిన నాగేందర్, అఖిలను చూసి తుండు వీపు వెనక దాచుకున్నాడు.

"తప్పు నాదేనండి. ప్లగ్గు గిట్ల తిప్పి పెట్టాలె," అంటూ అఖిల పెట్టి చూపించింది. సుందరమ్మ వేళ్ళ వెనక వైపు ఆనించింది. వెలుగు ఆమె ముఖం మీద పడింది.

"ఔ బిడ్డా, గిట్లనే! రెండోసారి తెచ్చినంక మావోడు గిట్లనే తిప్పి పెడితే మంచిగ వెలిగింది. మల్ల మూడోసారి ఎందుకు పట్కపోయిండో నాకు సమజ్ కాలే."

నాగేందర్ తల దించుకున్నాడు.

"అంటే ఆ రోజు నేనన్నది నిజమేనా?"

"రెండుసార్లు నిజంగానే వెలగలేదండి. మూడోసారే... మీరు పట్టేసిన్రు. మళ్ళా ఏ మొకం పెట్టుకొని రావాలె?"

"మరి ఎనిమిది దినాలు అమ్మను చీకట్ల ఉంచినవా?"

"రోజూ నేనే గది లైటు స్విచ్ వేసిన," అన్నాడు మెల్లగా.

సుందరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కూసో బిడ్డా. ఒరేయ్, చాయ్ పెట్టుపో. చక్కెర జర ఎక్కువెయ్యి."

చాయ్ తాగి గడప దాటుతూ అఖిల వెనక్కి తిరిగింది.

"ల్యాంపు అమ్మ దగ్గరనే ఉండనీ. రేపు ఉత్త చేతులతోనే రా."

"వస్తే మీ అమ్మకు ఏమని చెప్పాలె?"

"ల్యాంపుకేం కాలే, నాకే ఏదో అయిందని చెప్పు."