ఆర్పినా తెరుచుకునే ఎర్ర కన్ను

మూడో అంతస్తులో చివరి వాటా అంటే మా బిల్డింగులో అందరికీ హడలే. మెట్లు కడిగే మనిషి కూడా ఆ గుమ్మానికి దూరం నుంచే బకెట్ కుమ్మరించి పారిపోయేది. ముగ్గురు అద్దెకి దిగారు. ముగ్గురూ వారం తిరక్కుండా మూటాముల్లె సర్దేశారు. రాత్రయితే ఆ ఇంట్లో ఆర్పినవి వాటంతటవే వెలుగుతాయట...

నాలుగో మనిషిగా టైలరమ్మ దిగింది. ఇదంతా తన కుట్టు షాపులో నా చొక్కాకి కాలరు తిప్పుతూ ఆవిడే చెప్పింది. దెయ్యాలంటే నాకు నవ్వులాట. అయినా ఆ పూట కుర్చీ కాస్త గోడకి దూరంగా జరుపుకున్నాను.

వదిన దెప్పుళ్ళు పడలేక, అన్నగారింట్లోంచి కుట్టు మిషనుతో సహా బయటికొచ్చేసింది ఆవిడ. "వారంలో నువ్వే తిరిగొస్తావులే," అందట వదిన. ఆ మాట నిజం చెయ్యడం కన్నా దెయ్యంతో కాపురం నయమనుకుంది టైలరమ్మ.

ఇంటి ఓనరు మహా పొదుపరి. టీవీ ఆపినా, ప్లగ్గులో ఉన్నంతసేపూ కరెంటు తాగుతూనే ఉంటుందని, అక్కడున్న తన రెండు వాటాలకీ రిమోట్ సాకెట్లు పెట్టించాడు. పడుకునే ముందు ఒక్క బటన్ నొక్కితే అన్నీ చచ్చినట్టు ఊరుకుంటాయి, మళ్ళీ అదే నొక్కితే లేస్తాయి.

మొదటి రాత్రి పదింటికి నొక్కింది. చీకటి. దుప్పటి కప్పుకుందో లేదో—

టక్.

టీవీ కింద ఎర్ర కన్ను తెరుచుకుంది. మిషను మీది దీపం వెలిగింది.

నొక్కింది. ఆరింది. ఓ నిమిషం... టక్. వెలిగింది.

అర్ధరాత్రి దాకా అదే వరస. రెండో రాత్రీ అంతే. ఒళ్ళంతా చెమట.

"ప్లగ్గులు పీకేస్తే పోయేది కదా?" అన్నాను.

"ఎందుకు పీకాలండీ?" ఆవిడ కత్తెర ఝళిపించింది. "పీకితే అది గెలిచినట్టు కాదూ!"

మూడో రాత్రి మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. "రావే... ఇవాళ నువ్వో నేనో తేలిపోవాలి," అని గొణిగి, నొక్కింది.

ఆరింది. ఎక్కడో సన్నగా వినిపిస్తున్న పాట కూడా ఆగిపోయింది.

టక్. ఎర్ర కన్ను. పాట మళ్ళీ మొదలైంది.

ఇంకోసారి నొక్కింది. పాట ఆగింది. గోడ అవతల ఎవరో పళ్ళు నూరుతున్న చప్పుడు...

ఒక చేతిలో రిమోట్, ఇంకో చేతిలో గుడ్డలు కోసే పెద్ద కత్తెర. పాట ఆగిన పక్క వాటా వైపు నడిచింది. పొద్దున్నే షాపుకి పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి, పక్క వాటాలో ఎవరున్నారో కూడా ఎరగదు. దబదబా తలుపు బాదింది.

తెరుచుకుంది. జుట్టు విరబోసుకున్న ముసలావిడ. ఒక చేతిలో చీపురు. ఇంకో చేతిలో... అచ్చం అలాంటి రిమోటే!

"వచ్చావా!" ముసలావిడ గొంతు వణుకుతోంది. చీపురు మాత్రం దించలేదు. "రేడియో లేందే నాకు నిద్ర పట్టదని తెలిసే ఆర్పేస్తున్నావా? ముగ్గుర్ని తరిమావు. నన్ను తరమలేవు. నేనిక్కణ్ణించి కదలను, ఏం చేసుకుంటావో చేసుకో!"

టైలరమ్మ ఆ రిమోట్ వంకా, తన రిమోట్ వంకా చూసింది. గుమ్మంలోనే నిలబడి ఒక్కసారి నొక్కింది. లోపల రేడియో వెలిగి, పాట అందుకుంది. తన వాటాలోంచి మిషను దీపం వెలుగు వరండాలోకి పడింది. ఏ రిమోట్ నొక్కినా, వెలిగేదీ ఆరేదీ రెండిళ్ళూనూ.

కత్తెర మెల్లగా కిందికి దించింది.

"పెద్దమ్మా, ఆ దెయ్యాన్ని నేనే," అంది. "నేనూ కదలను."