మధ్యలో మారిన పూస

"రేపు సాయంత్రం నాలుగింటికి టీకాల లారీ గేటు దాటుతుంది. అందులో విదేశీ ముఠా ఏదో కలిపించింది. దాటిందంటే లక్షమంది పిల్లలకి ఉత్త నీళ్లు పొడిచినట్టే. ఆధారం దొరికితేనే ఫోన్ చెయ్యి."

చీఫ్ అంతే చెప్పి పెట్టేశాడు.

పట్టు పడితే వదలడని డిపార్ట్‌మెంట్ ఆ ఏజెంటుకి ‘ఉడుము’ అని పేరు పెట్టింది. పదకొండు నెలలుగా ఆ ఉడుము టీకా ల్యాబులో సీసాలు కడుగుతున్నాడు. ముప్పై నాలుగేళ్లవాడికి నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు. ఆఫీసిచ్చిన పెన్ కెమెరా మూడో రోజే చచ్చింది. రాయడానికి మాత్రం దివ్యంగా పనికొస్తోంది.

ఇన్ని నెలల్లో అతన్ని పలకరించిన మనిషి ఒక్కతే, పెప్టైడ్ సెక్షన్ మేడమ్. ఆమె నడిచొస్తుంటే మైక్రోస్కోపుల మీద వంగిన తలలు కూడా పైకి లేచేవి. అలాంటి మనిషి రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని సీసాలు కడిగే గదికొచ్చి, "బాబాయ్, తిన్నావా?" అనేది. ఆ ఒక్క మాట కోసమే అతను పొద్దున్నే లేచేవాడు. గూఢచారికి సిగ్గుచేటే, కానీ నిజం.

ఒకరోజు ఆమె కాగితం మీద తొమ్మిది పూసల దండ గీసింది.

"టీకాలో వేసే పెప్టైడ్ అంటే ఇంతే బాబాయ్. రెండో పూస, చివరి పూస ఇమ్యూన్ ప్రోటీన్ గాడిలో దిగి పట్టుకుంటాయి. మధ్యవి పైకి తేలతాయి. రక్తంలో కాపలా తిరిగే టీ సెల్ వాటిని చూసే రోగాన్ని గుర్తుపడుతుంది."

"మధ్యది మారిస్తేనో అమ్మా?"

"గాడిలో బుద్ధిగానే కూర్చుంటుంది. టీ సెల్ మాత్రం ఎవరోలే అనుకుని వెళ్లిపోతుంది."

చీఫ్ ఫోన్ పెట్టేశాక ఉడుముకి ఆ బొమ్మ గుర్తొచ్చింది. ల్యాబువాళ్లు గాడిలో కూర్చుందో లేదో చూసే బైండింగ్ టెస్ట్ ఒక్కటే చేసి, మధ్య పూస మారినా ‘పాస్’ ముద్ర కొట్టేస్తారు. టీ సెల్ టెస్టుకి రోజంతా పడుతుందని ఎప్పుడో మానేశారు.

స్టాఫ్ అందరిలాగే అతనూ పాత బ్యాచ్ టీకా వేయించుకున్నాడు; అతని టీ సెల్స్‌కి అసలు దండ తెలుసు. కాబట్టి రాత్రి అందరూ వెళ్లాక, మానేసిన ఆ టెస్టు కిట్ బీరువాలోంచి దించి తన రక్తమే తీశాడు. ప్లేట్‌లో ఒక గుంటలో పాత పెప్టైడ్, పక్క గుంటలో లారీ ఎక్కబోయేది వేసి, రెండింట్లోనూ తన టీ సెల్స్ కలిపాడు. తన అనుమానం తప్పు కావాలని మొక్కుకున్నాడు కూడా.

మర్నాడు మూడూ యాభైకి ప్లేట్ బయటికి తీశాడు. మొదటి గుంట నిండా నీలం చుక్కలు, టీ సెల్స్ గుర్తుపట్టాయి. రెండోది ఒక్క చుక్కా లేకుండా కడిగిన అద్దంలా ఉంది.

పెప్టైడ్ తయారుచేసే మిషన్ తాళం ఆమె దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. తన మీద అనుమానం రాకుండా, ఇది బయటి ముఠా పని అని డిపార్ట్‌మెంట్‌కి ముందుగా ఉప్పందించిందీ ఆమేనని అతనికిప్పుడు అర్థమైంది.

ఫోన్ తీశాడు. చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. మూడూ యాభై ఎనిమిదికి కోడ్‌వర్డ్ చెప్పాడు.

"పాలు విరిగాయి."

లారీ ముందు చక్రాలు గేటు గీత మీదుండగా డిపార్ట్‌మెంట్ జీపు అడ్డంగా వచ్చి ఆగింది.

ఆమెని తీసుకెళ్తుంటే ఉడుము విగ్గు తీసి నిలబడ్డాడు. ఆమె అతని నల్లటి జుట్టు వంక చూసింది.

"ఆ పూసల సంగతి నీకు చెప్పకుండా ఉండాల్సింది."

"మరెందుకు చెప్పారు?"

"నా పని గురించి అడిగినవాడివి నువ్వొక్కడివే."

సాయంత్రం చీఫ్ హుషారుగా ఫోన్ చేశాడు. "శభాష్! ఇక ఇంటికి పోవయ్యా. నీ కోసం ఎదురుచూసేవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఉండేవాళ్లండీ. ఇందాకే జీపెక్కించాను."