మంజూరైన భోజనం

వచ్చినావిడ కుర్చీ అంచున కూర్చుని, అడగకముందే అసలు సంగతి చెప్పేసింది.

"మా అక్కని నేనే చంపానండీ. కాదని మీరేమైనా తేల్చగలరా?"

గుమాస్తా చేతిలో కలం ఆగిపోయింది. చంపలేదని మొత్తుకోవడానికి ఈ ఆఫీసు మెట్లెక్కిన వాళ్ళున్నారు గాని, చంపానని చెప్పి కాదనిపించమన్న మనిషిని అతను చూడలేదు. లాయర్ల దగ్గర ఏళ్ళ తరబడి గుమాస్తాగిరీ వెలగబెట్టి, వాళ్ళ అబద్ధాలకి ఫెయిర్ కాపీలు రాసి రాసి విసుగెత్తి, ఈ ప్రైవేటు డిటెక్టివు దగ్గర చేరాడు. డిటెక్టివుకి 'ఉడుం' అని పేరు పెట్టింది పోలీసులు. పట్టుకుంటే వదలడని వెక్కిరింతగా పెట్టారు. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు, జనం దానికి 'గారు' తగిలించారు. ఇక గుమాస్తాకైతే ఆయన తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందనిపించేది. అంత గురి.

ఆవిడే చెప్పుకుపోయింది. అక్క చరిత్ర టీచరు. ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్లో బ్రిటన్ చరిత్ర చెప్పేది. రాజుల పట్టాభిషేకాలు కాదు. ఓటు కోసం జైలుకెళ్ళిన ఆడవాళ్ళు, గనుల్లో పనిచేసిన పసివాళ్ళు, గతిలేని పేదల్ని తోసే వర్క్‌హౌసులు, ఇవీ ఆమె పాఠాలు. ఆ దేశం వాళ్ళు తమ పాత పార్లమెంటు నివేదికలు, పత్రికలు, విచారణలు అన్నీ ఇంటర్నెట్లో పెట్టారట. టీచరమ్మ పొద్దస్తమానం వాటినే తవ్వుకునేది. చివరికి అక్కడికే వెళ్ళి ఏడాది చదువుకునే అవకాశం వస్తే మొగుడు వద్దన్నాడు. ఆమె ఫోన్లో ఏడ్చింది.

"అప్పుడు నేను నవ్వుతూ అన్నానండీ. నీ పాఠాల్లో ఆడవాళ్ళు జైల్లో తిండి మానేశారుగా, నువ్వూ మానెయ్యి, బావ దెబ్బకి దిగొస్తాడు అని."

నెల తిరక్కుండా అక్క మేడ మీది గదిలో పోయింది. తిండి లేక పోయిందని డాక్టరు రాసిచ్చాడు. ఫోన్లో అన్నది పక్కనుండి విన్న బావ, శవం దగ్గర అందరి ముందూ ఈమెని చూసి, నీ మాటే దాన్ని చంపిందన్నాడు. ఆ రోజు నుంచి ఈవిడకి ముద్ద దిగడం లేదు, మంచినీళ్ళు కూడా గుక్కెడు తాగి పక్కన పెట్టేస్తోంది. మనిషి సగమైపోయింది.

"దీక్ష చేస్తున్నానని అక్క తన నోటితో మీకు చెప్పిందా?" అడిగాడు ఉడుం గారు.

"లేదండీ. ఫోన్ చేస్తే వదిన గారు తీసేవారు. మా బావకి అక్క. ఎవరితోనూ మాట్లాడనంటోందమ్మా అనేవారు. పాఠం మాత్రం వారం వారం రికార్డయి వచ్చేది. చూసి కింద మేమంతా ఏదో ఒకటి రాసేవాళ్ళం." ఆవిడ గొంతు తగ్గింది. "నేనూ రాశాను."

మర్నాడు మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళారు. కింద ప్రింటింగ్ ప్రెస్సు, దాని మీద కాపురం, ఆ పైన డాబా మీద ఒంటిగది. ఎన్నికల సీజను కావడంతో రెండు నెలలుగా యంత్రాలు రాత్రింబవళ్ళు ఆడుతున్నాయి. పక్క మనిషి మాట వినాలంటే చెవి దగ్గర అరవాలి. గడ్డం పెరిగిన ప్రెస్సు యజమాని, అంటే టీచరమ్మ మొగుడు, వాళ్ళని పైన ఇంట్లోకి తీసుకెళ్ళి ఆ హోరులోనే మాట్లాడాడు. గొడవయ్యాక ఆమె అలిగి డాబా గదిలో ఉండిపోతే, తను ఒక్కసారి కూడా పైకి వెళ్ళలేదన్నాడు. ఆమె దిగొచ్చి మాట్లాడితేనే మాట్లాడతానని పంతం పట్టాడట. "కానీ రెండు పూటలా అడిగేవాణ్ణండీ, పళ్ళెం పైకెళ్ళిందా అని. వెళ్ళిందనేది అక్క."

ఆ అక్క, టీచరమ్మ ఆడపడుచు, పక్కనే కళ్ళొత్తుకుంటూ నిలబడింది. దిట్టమైన మనిషి. నడుముకి తాళాల గుత్తి. ఇంటి వంటావార్పూ అంతా తనదే. వేడి వేడిగా వడ్డించి పట్టుకెళ్తే మరదలు మొహం తిప్పుకునేదనీ, మంచినీళ్ళు మాత్రం పుచ్చుకునేదనీ, తను ఏడుస్తూ పళ్ళెం తెచ్చేసేదనీ చెప్పింది. పైన నెట్టు పాడైపోతే పాఠాలు కూడా తనే కిందికి తెచ్చి, తమ్ముడి కంప్యూటర్లోంచి ఎక్కించేదట.

"చూసి ఎక్కించేవారా, చూడకుండానా?" అడిగాడు ఉడుం గారు.

"మొత్తం చూశాకేనండీ. నీరసంతో ఏదైనా తప్పు మాట్లాడితే నలుగురిలో బాగోదు కదా."

డాబా మెట్లెక్కుతుంటే మలుపులో గుమాస్తా బోర్లా పడబోయాడు. ఇంటి కుక్క అడ్డంగా కూర్చుని ఉంది. కొవ్వెక్కి, కూర్చోడానికే ఆయాసపడుతోంది. వంటింట్లోంచి కూర తాలింపు వాసన ఇల్లంతా కమ్మేస్తున్నా అటు చూడకుండా, మెట్ల మీదే కూర్చుని తోకాడిస్తూ ఆడపడుచు చేతుల వంక చూస్తోంది. ఆవిడ కాలితో దాన్ని పక్కకి నెట్టింది.

గదిలో ఒక మంచం, కెమెరా ఉన్న బల్ల, గోడ పొడుగునా పుస్తకాలు. టీచరమ్మ లోపల గడియ పెట్టుకుని ఎవర్నీ రానిచ్చేది కాదని ఆడపడుచు అంటుంటే, ఉడుం గారు ఆ గడియని లాగి చూశాడు. రాలేదు. ఎప్పుడో తలుపుకి వేసిన రంగు గడియ మీద కూడా పూసేశారు, అది అలాగే బిగిసిపోయింది. ఆయన పుస్తకాల వైపు తిరిగాడు. టీచరమ్మ ఇంటర్నెట్లోంచి దింపుకున్న పాత నివేదికలన్నీ అచ్చు వేయించి, లావుపాటి అట్టలతో బైండు చేయించుకుంది. కింది అరలో మాత్రం అట్టలు ఊడి, వెన్నులు ఒలిచేసి, కుట్టిన దారాలు బయటికి వచ్చి ఉన్నాయి.

"ఎలుకలండీ, చంపుకు తింటున్నాయి," అంది ఆడపడుచు.

ఉడుం గారు గుమాస్తా సంచిలోంచి అతను టీకని దాచుకున్న రొట్టెముక్క తీసి ఆ అరలో పెట్టేశాడు. తలుపుకి తాళం వేయించి, తాళంచెవి యజమాని చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు. గుమాస్తా ఆ పూట టీ ఉత్తినే తాగాడు.

సాయంత్రం ఆఫీసులో టీచరమ్మ ఆఖరి పాఠం పెట్టి చూశారు. ముందు వారమే ఆమె, వచ్చేసారి జైల్లో తిండి మానేసిన ఆడవాళ్ళ గురించి చెబుతానని మాటిచ్చింది. తెర మీద మనిషి బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు మాత్రం పెద్దవై ఉంది. గొంతు పీలగా వచ్చింది.

"తినం అన్నవాళ్ళ గురించి తర్వాత చెబుతాను. ముందు తిండి అందనివాళ్ళ గురించి చెప్పనివ్వండి."

ఒక వర్క్‌హౌస్ సంగతి ఎత్తుకుంది. అక్కడి పేదలకి ఎరువు కోసం ఎముకలు దంచే పని. ఆకలికి ఆగలేక, ఆ కుళ్ళిన ఎముకలకి అంటుకున్నది కొరుక్కు తిన్నారు. దాని కోసం కొట్టుకున్నారు. "చట్టం వాళ్ళకి తిండి ఆపలేదు. భోజనం మంజూరైంది. మంజూరైంది మధ్యలో ఆగిపోయింది. విచారణ పెట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ విచారణ ఇంటర్నెట్లోనే ఉంది. దయచేసి ఎవరైనా తెరిచి చూడండి. దయచేసి." అక్కడితో పాఠం అయిపోయింది.

గుమాస్తాకి చరిత్రంటే ఆవలింతలు. కానీ ఉడుం గారు వదిలితేగా. ఇద్దరూ ఆ పాత విచారణ తెరిచి, దుమ్ముపట్టిన ఇంగ్లీషులో సాక్షి తర్వాత సాక్షిని చదివారు. పేదల వాటా తిండిని కాజేశాడని అక్కడి పెత్తనందారు మీదే ఆరోపణ. గుమాస్తాకి ఆవలింతలు ఆగిపోయాయి.

పాఠం కింద మెచ్చుకోళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఎర్ర గుండెలు, చప్పట్లు. వాటి మధ్య చెల్లెలు రాసింది కూడా కనిపించింది. గుమాస్తా అది చదివి ఉడుం గారి వైపు చూశాడు. ఆయన అప్పటికే చదివేశాడు. "అది కేసుకి పనికిరాదు," అని తెర పైకి జరిపేశాడు.

రెండ్రోజుల తర్వాత అందర్నీ ప్రెస్సులోనే కూర్చోబెట్టాడు. యజమాని, ఆడపడుచు, చెల్లెలు, బలవంతాన వచ్చినట్టు మొహం పెట్టిన ఇన్‌స్పెక్టరు. ముందు యంత్రాలు ఆపించాడు. చెవులు గుయ్యిమన్నాయి. అప్పుడు పైనుంచి తలుపు కొడుతున్న చప్పుడు వినిపించింది, మెల్లగా గాని స్పష్టంగా. డాబా గదిలో ఇన్‌స్పెక్టరు గారి కానిస్టేబుల్ కొడుతున్నాడు.

యజమాని మొహం పాలిపోయింది. "ఇది నేను విన్నాను. ఒకసారి కరెంటు పోయి మిషన్లు ఆగితే... పైకి వెళ్ళబోయాను. కోపంతో బాదుతోందిరా, ఇప్పుడెళ్తే నెత్తికెక్కుతుంది అంది అక్క. ఆగిపోయాను."

"లోపల గడియ పడదు," అన్నాడు ఉడుం గారు. "మరి ఆమె లోపలుండి తలుపు ఎందుకు కొట్టాలి? బయట తాళం ఉంటేనే కొట్టాలి. ఇక పళ్ళెం సంగతి. కుక్క అన్నం పెట్టే చోటే కాచుకుంటుంది. మీ కుక్క వంటింటి గుమ్మం మానేసి మెట్ల మలుపులో కాచుకుంటోంది. కిందున్నవాళ్ళకి పళ్ళెం పైకెళ్ళింది. పైనున్నామెకి రానే లేదు. అది మలుపు దాటలేదు."

ఆడపడుచు కళ్ళొత్తుకోవడం ఆపేసింది.

ఉడుం గారు బల్ల మీద ఎండిన రొట్టెముక్క పెట్టాడు. ఎక్కడా కొరికిన గాటు లేదు. దాని పక్కన వెన్ను ఒలిచిన పుస్తకం ఒకటి పెట్టి, యజమానిని అడిగాడు.

"ఇది ఎవరు బైండు చేశారు?"

"నేనే. పెళ్ళైన కొత్తలో. ఇంటర్నెట్లో చదివి చదివి దాని కళ్ళు పోతున్నాయని, అన్నీ అచ్చేసి..."

"జిగురు దేంతో?"

"బజారు జిగురు మంచిది కాదని, మైదా ఉడకబెట్టి నేనే..." అని, మాట మింగేశాడు. చెయ్యి చాపి ఆ పుస్తకం వెన్ను తడిమాడు. దారాల మధ్య గోళ్ళతో గీకిన చారలున్నాయి. ఆయన అక్కడే నేల మీద కూలబడిపోయాడు.

"ఎలుకలైతే రొట్టె వదలవు," అన్నాడు ఉడుం గారు. "తిననని పంతం పట్టిన మనిషి పుస్తకాల జిగురు గీక్కు తినదు. ఎవరు ఆపుతున్నారో కూడా ఆమె పాఠంలో చెప్పింది. మధ్యలో నిలబడ్డ పెత్తనందారు. అది ఈవిడ కూర్చుని మొత్తం చూసి, తప్పేం లేదనుకుని, తన చేత్తోనే ఎక్కించింది."

గుమాస్తాకి చప్పట్లు కొట్టాలనిపించింది. యజమాని వంక చూసి సిగ్గేసి చేతులు కట్టుకున్నాడు.

ఎందుకు చేశావని ఇన్‌స్పెక్టరు అడిగితే ఆడపడుచు బుకాయించలేదు. ఎవరో ఎప్పుడైనా అడుగుతారని ఎదురు చూస్తున్నట్టే చెప్పింది.

"ఈ ఇంట్లో పొయ్యి దగ్గర చచ్చేది నేను. ఆకలి గురించి మాట్లాడి పేరు తెచ్చుకునేది ఆవిడ. ఒక్క పూట గరిటె పట్టింది లేదు. ఆకలంటే ఏంటో చూపిద్దామనుకున్నాను. పాఠం చెబితే పళ్ళెం పెడతానన్నాను. ప్రతి వారం నమ్మింది."

చెల్లెలు ఉడుం గారి వైపు తిరిగి, "అయితే నా మాట వల్ల కాదన్నమాట," అంది. కాదని ఆయన తలూపాడు. ఆవిడ ఏడ్చింది. ఏడ్చి, ఇన్నాళ్ళకి దాహమేస్తోందని చెప్పి మంచినీళ్ళు అడిగింది. గుమాస్తా పరుగున వెళ్ళి గ్లాసు నిండా తెచ్చాడు. అతనికి మనసు తేలికపడింది. ఈ ఒక్క మనిషైనా బతికి బయటపడిందని సంతోషించాడు.

ఆడపడుచు నడుం నుంచి తాళాల గుత్తి తీయించి, పైనుంచి దిగొచ్చిన కానిస్టేబుల్ ఆవిడని గుమ్మం దాకా నడిపించాడు. అక్కడ ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది.

"ఆఖరి పాఠం కింద నువ్వు రాశావు కదమ్మా. సన్నబడ్డావక్కా, ఇప్పుడెంత అందంగా ఉన్నావో, ఇలాగే ఉండిపో అని. తలుపు దగ్గర నిలబడి నేనే చదివి వినిపించాను. అప్పటిదాకా రోజూ కొట్టేది. నీది విన్నాక మీ అక్క మళ్ళీ తలుపు కొట్టలేదు."

గుమాస్తా ఉడుం గారి మొహంలోకి చూశాడు. ఆవిడ అబద్ధం చెబుతోందని ఆయన ఒక్క మాట అంటే చాలు, అందరూ నమ్ముతారు. ఆయన అనలేదు. చెల్లెలు చేతిలోని గ్లాసు తాగకుండానే బల్ల మీద, రొట్టెముక్క పక్కన పెట్టేసింది.