ఉంగరాల బూజు

వెర్ల్ సోరెన్సన్‌ని అతని ల్యాబ్‌లోనే కాల్చి చంపారు. పోతూ పోతూ ల్యాబ్‌కి నిప్పు పెట్టారు.

అంత్యక్రియల మర్నాడు చీఫ్ హైరమ్ ఏజెంట్ లొరెటాని పిలిపించాడు. వెర్ల్ ఆమె అన్నయ్య.

"విదేశీ ముఠా పని. మన ఐడహో విత్తన బంగాళాదుంపల్లో కంటికి కనబడని వేరుపురుగు వదలబోతున్నారు. దాన్ని చంపే బూజు మీ అన్నయ్య దగ్గరే ఉండేది. కాలిపోయింది."

"ఒక ప్లేటు బూజు మిగిలింది బాస్. మా ఫ్రిజ్‌లో, వెన్న పక్కన దాచాడు."

"అదెలా చంపుతుంది?"

"పురుగు వాసన తగిలితే ఉంగరాలు కడుతుంది. పురుగు తల దూర్చగానే ఉంగరం ఉబ్బి బిగుస్తుంది. తర్వాత తినేస్తుంది. భోజనాల దగ్గర ఇదే చెప్పేవాడు. అమ్మ తిట్టేది." లొరెటా తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ ప్లేటు విత్తనాల గోదాములో ఉందని సెలెస్ట్ చెవిన వేయండి."

సెలెస్ట్ అందగత్తె, తమ ఏజెంటే. అవతలివాళ్లకీ ఏజెంటని అనుమానం. రుజువు లేదు.

మధ్యాహ్నం గోదాములో దుంపలు ఏరే ముసలమ్మ వేషంలో లొరెటా కూర్చుంది. సెలెస్ట్ వచ్చింది. గడప దగ్గర, బూట్లకంటిన పురుగుల్ని చంపే మందునీళ్ల తొట్టి ఉంది.

"బూట్లు ముంచి రా అమ్మాయ్."

"కొత్తవి పెద్దమ్మా, పాడైపోతాయి," అంటూ సెలెస్ట్ తొట్టి దాటేసింది.

ఆ ఊళ్లో తొట్టిని దాటేసేవాళ్లు లేరు. వెర్ల్ శవపేటిక మోసినవాళ్లు కూడా పొలం గట్టున బూట్లు ముంచే కదిలారు. మందునీళ్లకు భయపడేది ఆ బూట్లలో ఉన్నదే.

సెలెస్ట్ ప్లేటు కోసం చుట్టూ చూసింది. కనిపించకపోయేసరికి దుంపల కుప్ప చేరి బూటు మడమ తిప్పింది. టక్‌మని మూత ఊడింది. కాలు కుప్ప మీదికి చాపింది.

లొరెటా తాడు లాగింది. నేల మీది తీగ ఉచ్చు రెండో కాలిని బిగించింది. సెలెస్ట్ వెల్లకిలా పడింది. మడమలోంచి జారిన పురుగుల మట్టి దుంపలకు జానెడు దూరంలో లొరెటా చాచిన సీసాలో పడింది.

ముసలమ్మ ముసుగు జారిపోయింది. "లొరెటా! మీ అన్నయ్యని కాల్చింది నేను కాదు!"

"తలుపు తీయించింది నువ్వు. నీ గొంతు విని తీశాడు."

సెలెస్ట్ చూపు తిప్పుకుంది. లొరెటా పిస్తోలు ఆమె నుదుటికి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత తీసేసింది.

"కాలిస్తే నీకు అంతటితో అయిపోతుంది. నిన్ను మెల్లగా తినేవాళ్లు కోర్టులో ఉన్నారు."

సాయంత్రం హైరమ్ సీసా ఎత్తి చూశాడు.

"ఇది సాక్ష్యం. కాస్త తగ్గినట్టుందే?"

"చిటికెడే తీశాను బాస్. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ పాపం, ఆ ప్లేటు పస్తులుంది."