గాజులెక్కని చెయ్యి

ఉదయం పది గంటల పది నిమిషాలు. గజపతినగరం దాటాక మూడో మలుపులో, సాలూరు వైపు నుంచి వచ్చిన ఖాళీ లారీ ఒక తెల్ల కారును రోడ్డు పక్కన తుమ్మచెట్టుకేసి నొక్కేసింది. హారన్ మోగలేదు. రోడ్డు మీద బ్రేకు గీత కూడా పడలేదు.

లారీ డ్రైవరు దిగాడు. పారిపోలేదు. కారు డిక్కీ తెరిచి చూశాడు. వెనక సీటు వెతికాడు. కావలసింది దొరకలేదు. అప్పుడు వెళ్ళిపోయాడు.

స్టీరింగ్ వెనక ప్రాణం పోయిన మనిషి డాక్టర్ ఉదయభాస్కర్. పన్నెండేళ్లుగా కీళ్లవాతం మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త.

మధ్యాహ్నం రెండింటికి విజయనగరంలో, పైకి కొరియర్ ఆఫీసులా కనిపించే మేడ మీద, చీఫ్ నారాయణమూర్తి ఆ కారు ఫొటోను ఏజెంట్ నీలవేణికి అందించాడు. ఆమె దాన్ని వేళ్లతో కాక రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. నీలవేణికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆరేళ్లుగా ఆమెకూ అదే జబ్బు.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్," అన్నాడు చీఫ్. "ఒంటిని కాపాడాల్సిన సైన్యం సొంత కీళ్ల మీదే కాల్పులు జరపడం. నీకు నేను చెప్పక్కర్లేదు."

"అక్కర్లేదు సార్."

"శ్రీకాకుళం తీరంలో గెడ్డపేట. అక్కడ నాలుగు వందల మంది దగ్గర ఏటా రక్తం తీసి దాచాడు డాక్టరు. కొందరికి తర్వాత జబ్బు వచ్చింది. అంటే జబ్బు రాకముందు రక్తం, వచ్చాక రక్తం, రెండూ ఉన్నాయి. లోపల యుద్ధం ఎప్పుడు, దేనివల్ల మొదలైందో కనిపెట్టే దారి అదే. 'ఆర్కిడ్' అని, ఈ జబ్బుకు మందులమ్ముకునే విదేశీ ముఠా వాటి కోసమే దిగింది. కావలసినవి పట్టుకెళ్లి మిగతావి తగలబెడతారు. జబ్బే ఆగిపోతే వాళ్ల మందు ఎవరు కొంటారు?"

"ఆ రక్తం సీసాల బాక్స్ ఎక్కడుంది?"

"నిన్న ఫోన్ చేశాడు. నలభై ఒకటో నంబరు పేషెంట్ దగ్గర దాచాడట. పేరు బుల్లమ్మ. చేపల వ్యాపారం. బాక్స్ ఆమె చేపల ఐసు కిందే ఉంది. తీసుకెళ్లడానికి వచ్చే మనిషికి కూడా ఇదే జబ్బు ఉండాలన్నాడు. లేకపోతే ఆవిడ నమ్మదట." చీఫ్ ఆమె చేతుల వైపు చూశాడు. "ఈసారి నీ జబ్బే నీ ఐడెంటిటీ కార్డు."

నీలవేణి ఫొటోను బల్ల మీద పెట్టింది.

"డ్రై ఐస్ రేపు ఉదయం ఏడింటి వరకే ఆగుతుంది. మన ఫ్రీజర్ వ్యాన్ ఆరున్నరకు చేరుతుంది. అందాకా బాక్స్ కదపొద్దు. రోడ్లన్నీ వాళ్ల కళ్లే."

"కోడ్?"

"పొద్దున్న బిగుతు ఎంతసేపు అని నువ్వడగాలి. పొద్దు బారెడెక్కే దాకా అని ఆవిడ చెప్పాలి."

మూల బల్ల దగ్గర నోట్స్ టైప్ చేస్తున్న రాగసుధ తలెత్తింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ వెనక్కి తిరిగి చూసే అందం ఆమెది. బయటి ప్రపంచానికి వీణ కళాకారిణి. కచేరీ పేరుతో ఎక్కడికైనా వెళ్లగలదు. ఆమె మణికట్టుకు అతుక్కున్నట్టుగా డజను ఆకుపచ్చ మట్టిగాజులు.

"జీపు నేను ఏర్పాటు చేస్తాలే నీలూ," అంది. "పాపం, నువ్వు నడవలేవుగా."

మర్నాడు తెల్లవారుతుండగా ఆ జీపు గెడ్డపేటకు మూడు కిలోమీటర్ల ముందు ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తి దాని వెనక నిలబడ్డాడు.

"టైం పడతాది మేడమ్," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

నీలవేణికి అర్థమైంది. కోడ్ విన్నవాళ్లు ముగ్గురే. జీపు పంపింది ఆ ముగ్గురిలో ఒకరు.

నడిచింది. తెల్లవారుజాము ఆమెకు పగవాడి లాంటిది. రాత్రంతా కదలని కీళ్లు సిమెంటు పోసినట్టు బిగుసుకుంటాయి. ఇసకలో ఒక్కో అడుగూ చీలమండల్లోంచి పైకి పొడిచింది. ఆగితే మళ్లీ కదలలేనని ఆగలేదు.

బుల్లమ్మ పాక తడిక దగ్గరికి చేరేసరికి లోపల మాటలు వినిపించాయి.

"పొద్దున్న బిగుతు ఎంతసేపమ్మా?" రాగసుధ గొంతు.

"పొద్దు బారెడెక్కే దాకా." ముసలి గొంతు. "ఏటి తల్లీ, నీకూనా ఈ పాపిష్టి జబ్బు?"

"నాకూ అదేనమ్మా. చూడు నా చేతులు."

"సూత్తన్నాను. కణుపులు నాకంటే లావుగున్నాయి. ఎన్నాళ్లయినాది?"

"ఎనిమిదేళ్లు."

"మరా గాజులు?"

"మొన్న దసరాకి వేయించుకున్నా."

బుల్లమ్మ పొడిగా నవ్వింది. "నా సేతికి గాజులెక్కి పదేళ్లయినాది. గాజులోడు సబ్బు రాసినాడు, నూని రాసినాడు, నన్నేడిపించి ఒగ్గేసినాడు. ఆ కణుపుల మీంచి నీకెలాగెక్కినాయే? నీ మొగుడు మంత్రమేసి ఎక్కించినాడేటి?"

రాగసుధ గొంతు మారింది.

"బాక్స్ తియ్యి, ముసలిదానా."

"తియ్యనే. నా మనవరాలు హేమ రక్తం ఉన్నాది అందులో. దానికింకా నొప్పి రాలేదు. రాకండా ఆపే దారి ఎతుకుతన్నానని డాక్టరు బాబు సెప్పినాడు. ఆ బాబునే సంపేసినారు కదే మీరు!"

నీలవేణి భుజంతో తడిక తోసింది.

లోపల వెలిసిపోయిన చీరలో రాగసుధ. వేళ్ల కణుపుల మీద సిలికాన్‌తో అతికించిన వాపులు. అచ్చం నిజమైనవే అనిపించేలా ఉన్నాయి. తను తెచ్చుకున్న చేపల బుట్టలోంచి తీసిన పిస్తోలు ఆమె చేతిలో ఉంది. ఐసు పెట్టెకు అడ్డంగా బుల్లమ్మ చతికిలబడి ఉంది.

నీలవేణి పిస్తోలు ఎత్తింది. రాగసుధ బెదరలేదు.

"ఇంకా ఆరూ పదే నీలూ. ఈ టైంలో నీ వేలు వంగదు. నీ మెడికల్ ఫైల్ మొత్తం చదివాను."

నిజమే. నీలవేణి చూపుడు వేలు సగం వంగి అక్కడే బిగిసిపోయింది.

రాగసుధ పిస్తోలును బుల్లమ్మ నుదుటికి గురిపెట్టి ట్రిగ్గర్ మీదికి వేలు పోనిచ్చింది. వేలు పోలేదు. సిలికాన్ కణుపు ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప వలయంలో ఇరుక్కుంది. గట్టిగా తోసింది. ఊహూఁ. ఆ అందమైన మొహంలో మొదటిసారి ఆశ్చర్యం కనిపించింది.

నీలవేణికి ఆ ఆశ్చర్యం తెలుసు. ఆరేళ్ల కిందట ఫైరింగ్ రేంజ్‌లో, వాచిన వేలు వలయంలో దూరనప్పుడు తన మొహంలోనూ అదే. ఆ వారమే టెక్నికల్ సెక్షన్‌తో తన పిస్తోలు వలయం కోయించేసుకుంది. ఇంకొకటి కూడా నేర్చుకుంది. వేలు కదలకపోతే పిస్తోలే కదలాలి.

బిగిసిన వేలిని కొక్కెంలా ట్రిగ్గర్‌కు తగిలించి, ఎడమ అరచేత్తో పిస్తోలును ముందుకు తోసింది.

పాక దద్దరిల్లింది. రాగసుధ భుజం పట్టుకుని కూలింది. ఆకుపచ్చ గాజులు ముక్కలై ఐసు మీద చెదిరాయి.

ఆరున్నరకు రావలసిన ఫ్రీజర్ వ్యాన్ ఆరూ యాభైకి వచ్చింది. బాక్స్ మూత ఎత్తితే బొటనవేలంత డ్రై ఐస్ ముక్క ఒక్కటే మిగిలి, సన్నగా తెల్లటి పొగ వదులుతోంది. సీసాలన్నీ గడ్డకట్టే ఉన్నాయి. వాటిని చదవడం బాగా తెలిసిన మనిషి మాత్రం విజయనగరం మార్చురీలో ఉన్నాడు. హేమకు నొప్పి మొదలయ్యేలోగా ఇంకొకరు నేర్చుకోవాలి.

నీలవేణి మోచేత్తో నొక్కి, వ్యాన్‌లో వచ్చిన బేడీలను రాగసుధ చేతులకు బిగించింది. బుల్లమ్మ వంగి తీరిగ్గా చూసింది.

"ఇవైతే సబ్బు లేకండానే ఎక్కినాయి సూడు," అంది.