దెబ్బ లోపలి నుంచి

కారు ముందు అద్దానికి రాయి తగిలితే, ఆ అద్దం బతుకుతుందా చస్తుందా అన్నది చత్రు చిటికెలో తేల్చేసేవాడు. గాటు రూపాయి బిళ్ళ కింద దాగితే బతుకుతుంది. చీలిక జానెడు దాటితే చస్తుంది. ఇక చివరి పరీక్ష గోరుతో. బయట రాస్తే గరుకు తగలాలి, లోపల రాస్తే నున్నగా ఉండాలి. ముందు అద్దమంటే నిజానికి రెండు అద్దాలు, మధ్యన ఒక పలుచని పొర. బయటి అద్దానికి మందుంది. లోపలి దానికి లేదు. లోపల గరుకు తగిలిందా, ఆ అద్దాన్ని ఊడదీసి కొత్తది పెట్టుకోవలసిందే.

మానుకోట పక్క తండాలో పుట్టి, హైదరాబాద్ అద్దాల దుకాణంలో రెండేళ్ళు పని నేర్చుకుని, ఇరవై నాలుగేళ్ళకే సొంతంగా మొదలుపెట్టాడు. దుకాణం లేదు. బండే దుకాణం. వీపున ఒక సంచి, అందులో పగులు అతికించే మందు సీసాలు, గాలి లాగే గొట్టం, మందును గట్టిపరిచే నీలం దీపం. ఎవరు పిలిస్తే వాళ్ళ ఇంటి ముందే పని. ప్రతి పగులు కొలతా మిల్లీమీటర్లలో ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇప్పటికి నూటపన్నెండు అతికించాడు. ఒక్కటీ మళ్ళీ పగల్లేదు.

నూటపదమూడోది చెల్పూర్ నుంచి వచ్చింది.

"అద్దం అతికిస్తవంట గద బిడ్డా?" ఫోనులో పెద్దమనిషి గొంతు. "మార్చుడు వద్దు. అతికియ్యాలె. ఇయ్యాలనే రావాలె."

"వాన పడేటట్టుంది కాకా. రేపు పొద్దుగాల వస్త."

"రేపటికి ఉండది," అన్నాడాయన. అంతే, ఫోను పెట్టేశాడు.

భూపాలపల్లి వైపు చత్రుకు అదే మొదటి పిలుపు. ఆ ఒక్క అద్దం బాగా చేస్తే అక్కడి కరెంటు ప్లాంటుకు తిరిగే కిరాయి కార్ల పనంతా తనదే. బండి తీశాడు.

అయిదు గంటలకు చేరేసరికి ప్లాంటు పొగ గొట్టాల పొగ మబ్బులో కలిసిపోయి, ఏది పొగో ఏది మబ్బో తెలియడం లేదు. సందు చివర ఇల్లు. పక్కన రేకుల షెడ్డు. ఎండ తగిలితే మందు మధ్యలోనే గట్టిపడుతుంది కాబట్టి కారును నీడలో పెట్టమని చత్రు బయల్దేరేముందు ఫోను చేసి చెప్పాడు. అతన్ని పిలిచిన పెద్దమనిషి వీరస్వామి, షెడ్డు కిటికీకి కూడా గోనెసంచి కట్టేశాడు. లోపల చీకటి. తడిసిన గోనె వాసన. రేకుల మీద ఒకటీ అరా చినుకు.

"గింత పోరనివా నువ్వు?" అన్నాడు వీరస్వామి ఎగాదిగా చూసి. "గొంతు ఇని నలభై ఏండ్లోడనుకున్న."

"గొంతే పెద్దది కాకా. మనిషిని తక్కువ పైసలకే వస్త."

వీరస్వామి నవ్వలేదు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, గడ్డం పెరిగి, కళ్ళు గుంటలు పడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా కారు నడుపుతున్నాడు. ఈ కారు మాత్రం నెలరోజులుగా షెడ్డు దాటలేదని టైర్ల కింద మొలిచిన గడ్డే చెబుతోంది.

చత్రు టార్చి వేశాడు. అద్దానికి ఎడమ వైపు, డ్రైవరు పక్క సీటుకు ఎదురుగా, నక్షత్రంలా పగులు. సరిగ్గా రూపాయి బిళ్ళంత. అందులోంచి ఒక సన్నని చీలిక అద్దం అంచు వైపు సాగింది. ఆ చీలిక పొడవునా ఆవగింజంత ఎర్రటి బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి. ఏడు.

"గివేంది కాకా?"

"వారం నుంచి పెరుగుతుంది. రోజూ పొద్దుగాల యాడికొచ్చిందో ఆడ ఒకటి అంటిస్తున్న. మా ఇంటామెవి. డబ్బిల మిగిలినయి."

చత్రు స్కేలు తీశాడు. బిళ్ళకూ బిళ్ళకూ మధ్య కొలిచాడు. రెండు మిల్లీమీటర్లు. మూడు. నాలుగు. ఆరు. తొమ్మిది. పదమూడు. నోటుబుక్కు తెరవకముందే లెక్క తేలిపోయింది. రోజురోజుకూ సగం సగం ఎక్కువవుతోంది. ఈ లెక్కన ఈ రాత్రికి పందొమ్మిది. చివరి బిళ్ళ నుంచి అంచు దాకా కొలిచాడు.

పద్దెనిమిది.

అంచు తాకిన చీలిక ఆగదు. అద్దం అడ్డంగా పోతుంది.

"ఈ రాత్రి దాటది కాకా," అన్నాడు.

"నువ్వు స్కేలుతోని చూసినవు. నేను కండ్లతోని చూసిన. గందుకే పిలిచిన."

చత్రు బయటి నుంచి గోరుతో రాశాడు. నున్నగా ఉంది. ఇంకోసారి రాశాడు. ఎక్కడా గరుకు లేదు. తలుపు తీసి డ్రైవరు పక్క సీటులో కూర్చున్నాడు. లోపల గాలి చల్లగా, బరువుగా ఉంది. తుప్పు వాసన. బయ్యారం గుట్టల మీద తొలివాన పడ్డప్పుడు ఎర్రమట్టి కొట్టే ఇనుప వాసన. సీటులోంచే చెయ్యి చాపి గోరుతో రాశాడు. గరగరమంది. చిన్న రవ్వ ఊడి ఒళ్ళో పడింది. ఆ గాటు సరిగ్గా తన నుదుటి ఎత్తులో ఉంది.

దిగి వచ్చాడు.

"లోపల్నుంచి పగిలింది కాకా. గిది అతుకది. మార్చాలె. ఎల్లుండికి హన్మకొండ నుంచి కొత్త అద్దం తెప్పిస్త."

"మారిస్తే ఈ అద్దం ఏడికి పోతది?"

"ఏడికేంది? ముక్కలు చేసి పారేస్తరు."

వీరస్వామి కారు బానెట్ మీద చెయ్యి ఆనించాడు.

"దాంట్ల మా సోమక్క ఉంది బిడ్డా."

బయట చినుకులు జోరందుకున్నాయి. నెలరోజుల కింద బయ్యారం పక్క పుట్టింట్లో ఆయన భార్య సోమక్కకు జ్వరం ముదిరింది. మానుకోట దవాఖానకు కారులో తెస్తుంటే దారిలో ఒకచోట బ్రేకు కొట్టాల్సి వచ్చింది. అప్పుడే ఈ అద్దం పగిలింది. దవాఖాన మెట్లు ఎక్కేలోపే సోమక్క ప్రాణం పోయింది.

"పోయేటోళ్ళ ఊపిరి యాడ సందు దొరికితే ఆడ జొర్రుతది. ఆమెది గీ పగుల్ల చిక్కింది. రోజూ పక్క సీట్ల కూసున్నట్టే ఉంటది. మాట్లాడుత. ఆమె ఇంటది." గొంతు తగ్గించాడు. "అగో... చూడు."

చత్రు టార్చి తిప్పాడు. గాటు కింద, అద్దం లోపలి వైపు, అరచేతంత ఆవిరి పట్టింది. మెల్లగా చిన్నదైంది. పోయింది. కాసేపటికి మళ్ళీ పట్టింది.

"సీట్లు తడిసినట్టున్నయి కాకా. చెమ్మ."

"చెమ్మ గిట్ల ఆగి ఆగి వస్తదా?"

చత్రుకు వెళ్ళిపోవాలి అనిపించింది. లోపల గరుకు తగిలిన అద్దాన్ని అతను ఇంతవరకూ ముట్టుకోలేదు. కానీ వీరస్వామి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. తన తండ్రి వయసు మనిషి.

"రేపు ఆమె మాసికం. ఇయ్యాలనే ఇడిసిపెట్టి పోనియ్యకు బిడ్డా. నీకు దండం పెడుత."

చీలికను ఆపడం వరకైతే చేయొచ్చు కదా, అని తనకు తాను చెప్పుకున్నాడు చత్రు. ఎప్పటిలాగే హెల్మెట్ తిరగేసి డ్రైవరు సీటులో పెట్టాడు. పనిచేసేటప్పుడు అదే అతని పళ్ళెం. సామాన్లన్నీ అందులో సర్ది, లోపలి వైపు నుంచే గాటు మీద గొట్టం బిగించాడు.

మందు ఎక్కించే ముందు పగుల్లో ఉన్న గాలిని లాగెయ్యాలి. గాలి మిగిలితే మందు పట్టదు. మామూలుగా రెండు లాగులు చాలు. ఓ పది బుడగలు వచ్చి ఆగిపోతాయి.

గొట్టం పిడి లాగాడు. బుడగలు వచ్చాయి. లెక్కపెట్టాడు. పది. ఇరవై. రూపాయంత పగుల్లో ఎంత గాలి పడుతుంది? నలభై. పిడి దానంతట అదే వెనక్కి వస్తోంది... లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టు. అరవై మూడు. అరవై నాలుగు.

ఆగింది.

షెడ్డులో ఏదో మారింది. ఏమిటో వెంటనే తెలియలేదు. చినుకుల చప్పుడు అలాగే ఉంది. తుప్పు వాసన మాత్రం ముక్కు పుటాల దాకా వచ్చి నిలబడింది.

గొట్టం ఊడదీసి హెల్మెట్లో పడేశాడు. గొట్టంలోంచి గాలి బయటికి పోయింది. స్‌స్‌స్... సన్నగా, చాలాసేపు. ఊపిరి బిగబట్టి బిగబట్టి వదిలినట్టు.

మందు ఎక్కించాడు. నీలం దీపం పెట్టాడు. ఆ వెలుతురులో చీలిక కళ్ళముందే కరిగిపోయింది. మొదటి బిళ్ళ దగ్గర. మూడోదాని దగ్గర. ఏడోదాని దగ్గర. అంచు చెక్కుచెదరలేదు. నూటపదమూడు.

"అయిపోయింది కాకా. ఇగ పెరగది."

వీరస్వామి ఎక్కి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. చత్రు చేతికి హెల్మెట్ అందించాడు. అద్దాన్ని నిమిరాడు. నవ్వు ముఖంతో గాటు కిందికి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. అద్దం తేటగా ఉంది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. నవ్వు మెల్లగా ముఖం మీద నుంచి జారిపోయింది.

"సోమక్కా..." అన్నాడు గుసగుసగా. "ఏదీ?"

అద్దం మీద ఏ చెమ్మా పట్టలేదు.

షెడ్డు తలుపు కిర్రుమంది. తడిసిన చున్నీతో ఒక అమ్మాయి. వీరస్వామి కూతురు శిరీష. జనగామలో బడిపంతులమ్మ, తల్లి మాసికానికి సాయంత్రం బస్సులో వచ్చింది. తండ్రినీ, అద్దాన్నీ, నీలం దీపాన్నీ చూసి విషయం అర్థం చేసుకుంది. చత్రును షెడ్డు బయటికి పిలిచింది.

"ఆ అద్దం మార్పియ్యుమని నెలనుంచి మొత్తుకుంటున్ననన్నా. అతికిచ్చినవా?"

"కాక బతిమిలాడిండక్కా. అమ్మ ఊపిరి దాంట్ల ఉందన్నడు. అమ్మ తల తగిలి పగిలిందంట గద..."

"ఎవలన్నరు?"

చత్రు ఆగాడు. నిజమే. ఆ మాట ఎవరూ అనలేదు. తనే అనుకున్నాడు.

"అమ్మ ఎనుక సీట్ల పండుకున్నది," అంది శిరీష చాలా నెమ్మదిగా. "తల నా ఒడిల ఉండె. తొవ్వల ఎవలో చెయ్యెత్తిన్రని నాయిన బ్రేకు కొట్టిండు. దిగి చూస్తే ఎవ్వరు లేరు. నాకైతే ముందుగాల్నే ఎవ్వరు కనవడలే. నాయిన మళ్ళ ఎక్కి, బండి కదిలిచ్చేసరికి అద్దం... టప్‌మన్నది."

"ముందట సీట్ల?"

"ఎవ్వరు లేరన్నా. ముందు సీటు ఖాళీ."

రేకుల కింద ఇద్దరూ నిలబడిపోయారు. లోపలి నుంచి వీరస్వామి గొంతు వినిపిస్తోంది. "ఏదీ... ఏడికి వోయినవే..."

చత్రు సామాన్లు సంచిలో వేసుకుని హెల్మెట్ పెట్టుకున్నాడు. డబ్బు అడగలేదు. ఎంతని వాళ్ళూ అడగలేదు.

ములుగు దాటేదాకా వాన. గంగారం అడవిలోకి దిగేసరికి ఎనిమిదయింది. వాన వెలిసి చెట్ల నుంచి నీళ్ళు రాలుతున్నాయి. రోడ్డు మీద బండి వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. హెల్మెట్ అద్దానికి ఆవిరి పడుతోంది. వానాకాలం ఎవరికైనా పడుతుంది. తన ఊపిరే.

పట్టింది. పోయింది. పట్టింది.

కాసేపటికి ఒక సంగతి గమనించాడు. గమనించకపోతే బాగుండేది. తను ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు ఆవిరి పడుతోంది.

హెల్మెట్లో తుప్పు వాసన.

ఊపిరి బిగబట్టాడు. లెక్కపెట్టాడు. అయిదు. పది. అద్దం తేటపడాలి. పదిహేను. ఇరవై... ఆ ఇరవై లెక్కలో ఆవిరి నాలుగుసార్లు పట్టింది. నాలుగుసార్లు పోయింది.

బండి ఆపాడు. హెల్మెట్ తీసి పెట్రోలు ట్యాంకు మీద పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఫోను టార్చి వేశాడు. ఖాళీ హెల్మెట్ అతని వైపే చూస్తోంది.

అద్దం తేటగా ఉంది.

మెల్లగా... లోపలి వైపు... అరచేతంత ఆవిరి.

పోయింది. ఆ తేట అద్దంలో నుదుటి ఎత్తున ఏదో మెరిసింది. పొద్దున మానుకోటలో తుడిచినప్పుడు లేదు. నక్షత్రంలా పగులు. రూపాయి బిళ్ళంత. అందులోంచి వెంట్రుకంత చీలిక, అంచు వైపు.

రాయి తగిలి ఉంటుంది. దారిలో లారీ ఏదైనా... రాయే.

దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళకూడదని తెలుసు. కానీ ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే లేచింది. హెల్మెట్ బయటి నుంచి ఆ పగులు మీద గోరుతో రాశాడు.

నున్నగా ఉంది.